నాలుగు సెకన్ల గేటు

ఇడ్లీ ప్లేటు ముందు పెట్టానో లేదో, మా నిరుపమ ల్యాప్‌టాప్ చూసి చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"అయిపోయిందమ్మా. నా తెలుగంతా కస్టమర్లకి వెళ్లిపోయింది."

దాని వీసా ఈ కంపెనీ పేరు మీదే ఉంది. ఉద్యోగం పోతే ఈ హామిల్టన్ ఊరే కాదు, దేశమే వదిలి పోవాల్సిందే. అప్పుడే నా కళ్లకు సూట్‌కేసులు కనిపించాయి.

"ఏం తెలుగే? సరిగ్గా చెప్పు."

చెప్పింది. ఫారాల్లో పాలు పితికే షెడ్లకు వీళ్లు ప్రోగ్రాములు రాస్తారు. ప్రోగ్రాములో ప్రతి పనికీ పైన, అదెందుకో మనుషులకు తెలిసేలా ఒక మాట రాసిపెడతారట. మెషీను దాన్ని పట్టించుకోదు. నేను పొడుల డబ్బాల మీద అంటించే చీటీల్లాంటివే. ఇంకో ప్రోగ్రాం ఆ చీటీలన్నీ తనే ఏరి, పుస్తకంగా కూర్చి రైతులకు పంపుతుంది. మా పిల్ల కొన్ని ఇంగ్లీషు చీటీల కింద తనకోసం తెలుగులో ఇంకోటి రాసుకుంది. పంపేలోపు చెరిపేద్దామనుకుని మరిచిపోయింది.

"మేనేజర్ని ఏమన్నా తిట్టావా?"

"లేదు. షెడ్లో ఆవు వెనక మూసుకునే గేటు గురించి. ఇంగ్లీషులో 'గేటు మూసుకునే సమయం' అని మాత్రం రాశా. తెలుగులో..." తల దించుకుంది. "'నాలుగు సెకన్లకన్నా తగ్గిస్తే ఆవు కాలు నలుగుద్ది, మీకు దణ్ణం పెడతా' అని."

"ఆ ఏడుపేదో ఇంగ్లీషులోనే ఏడవొచ్చుగా!"

"మీటింగులో చెప్పానమ్మా. నీకన్నీ భయాలే అని నవ్వారు."

దాని నోట రోజూ నేను పడే మాటే అది.

ఫోన్ మోగింది. మేనేజర్ గ్రాంట్. నిలబడే మాట్లాడింది. వాళ్ల ఇంగ్లీషు నాకు సగం కూడా అందదు, దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. "ఎస్" అంది. మళ్లీ "ఎస్" అంది. తర్వాత చాలాసేపు పెదవి కొరుక్కుంటూ వింది. చివరికి "ఎలెవెన్" అంది.

పదకొండు ఏమిటి? పదకొండు రోజుల్లో దేశం వదలమన్నారా?

ఫోన్ పెట్టగానే అడిగేశాను.

"రోజులు కాదు తల్లీ, చీటీలు! ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగాడు." కుర్చీలో కూలబడింది. "ఒక రైతు, పితకడం లేటవుతోందని గేటు రెండు సెకన్లకి మారుద్దామని పొద్దున్నే ఆ పుస్తకం తెరిచాడంట. ఈ వింత అక్షరాలేంటని ఫోన్లో ట్రాన్స్‌లేట్ చేసుకుని ఆగిపోయాడు. ఇది ఇంగ్లీషులో ఎందుకు లేదని ఆఫీసుకి ఫోన్ చేసి అరిచాడంట."

"మరి ఉద్యోగం?"

"ఉంది. గేటుతో పాటు ఆ పదకొండూ ఇంగ్లీషులో రాసి, పదింటికి అందరి ముందూ చదవమన్నాడు."

"మళ్లీ నవ్వితే?"

"నవ్వనీ. మళ్లీ చదువుతా."

ఇడ్లీ అలాగే వదిలేసి కారు తాళాలు తీసుకుంది. బయట వాన.

"రౌండెబౌట్ మలుపు దగ్గర నెమ్మదిగా పోనీ," అన్నాను. ఎప్పటిలా 'నీకన్నీ భయాలే' అంటుందేమోనని చూశాను.

"సరేనమ్మా," అని, తలుపు దగ్గరేసి వెళ్లింది.