తద్దినం రోజు హనోయ్

తూటికూర కాడల్ని నిలువునా చీలుస్తూ కూర్చుంది లువా. ఒక్కో కాడనీ నాలుగు పాయలు చేసి చన్నీళ్లలో వేస్తే ఉంగరాల జుట్టులా ముడుచుకుంటాయి. ఇంట్లో అందరికీ అలా ముడుచుకున్న కూరే ఇష్టం. చీల్చడం మాత్రం ఎవరికీ ఇష్టం ఉండదు. వసారాలోంచి ఆమె భర్త ఖాయ్ కేకేశాడు.

"క్వియెన్ వాళ్లమ్మా! హనోయ్ నీకు బాగా తెలుసు కదా. ఎక్కడేం తినాలో, ఏం చూడాలో ఓ కాగితం మీద రాసిపెట్టు. ఇరవయ్యో తేదీ శుక్రవారం పొద్దున బయల్దేరి ఆదివారం సాయంత్రానికి వచ్చేద్దాం. వ్యాను మాట్లాడేశాను."

"ఎవరెవరం?"

"ఎవరెవరమేంటి? అందరం. అమ్మ, నువ్వూ, నేనూ, పిల్లా, మా చెల్లి హువే, వాళ్లాయనా. ఆరుగురం, వ్యానుకి సరిగ్గా సరిపోతాం."

నువ్వూ అన్నాడు. లువా చేతిలోని కాడ నాలుగు పాయలు కావలసింది ఆరు పాయలైంది.

పెళ్లయి ఈ ఊరొచ్చి ఇరవై ఒక్క ఏళ్లు. హనోయ్ ఇక్కడికి మూడు గంటల దారి. పొద్దున్నే పొలాల అవతల రోడ్డు మీద ఆ పేరు రాసుకున్న బస్సులు రోజూ పోతూనే ఉంటాయి. ఒక్కసారీ ఎక్కలేదు. పెళ్లికి ముందు నాలుగేళ్లు ఆమె అక్కడే ఉంది. పాతబస్తీలో ఒక సందు చివర కన్ బామ్మ నడిపే చిన్న హోటల్లో పని. సన్నటి బియ్యపు సేమ్యా మీద చీల్చిన కోడిమాంసం, దారాల్లా తరిగిన గుడ్డట్టు వేసి, మీద వేడి పులుసు పోసి ఇస్తారు. ఆ గుడ్డట్టు తరగడం లువా పని. కన్ బామ్మ ఒక దారాన్ని వేలితో ఎత్తి వెలుతురులో పట్టుకుని చూసేది. "దారం కావాలన్నాను పిల్లా, తాడు కాదు. దీంతో గేదెను కట్టేయొచ్చు" అనేది. తిట్టినంతసేపూ తిట్టి, మధ్యాహ్నం గిన్నెలన్నీ కడిగాక అడుగున మిగిలిన పులుసులో కోడి మెడ వేసి ఇచ్చేది. పెరటి గుమ్మంలో నిలబడి తాగేసేది లువా. కూర్చుని తినడానికి ఉన్న పీటలన్నీ కొనుక్కు తినేవాళ్లవి.

అయినా ఆ నాలుగేళ్లూ ఆమెకు బాగానే గుర్తున్నాయి, బాగున్నట్టే గుర్తున్నాయి. పొద్దున్నుంచి ఆమె పేరు ఆ సందంతా మోగేది. "లువా, రెండు గిన్నెలు! లువా, కొత్తిమీర ఎక్కువ! లువా, ఆ పెద్దాయనకి మిరపకాయ వద్దట!" ఇక్కడికొచ్చాక ఆమె ముందు పెద్ద కోడలైంది, తర్వాత క్వియెన్ వాళ్లమ్మ అయింది. హనోయ్‌లో ఆదివారం మధ్యాహ్నాలు ఆమెకు సెలవు. ఒక్కతే చెరువు చుట్టూ తిరిగేది. ఈ కాలానికి ఏడాకుల పాల చెట్లు పూసి వీధులన్నీ మత్తు వాసన వేసేవి. కావిళ్ల మీద పచ్చటి అటుకులు మోసుకొచ్చే ఆడవాళ్లు తామరాకులో పొట్లం కట్టి గడ్డిపోచతో ముడేసి ఇచ్చేవాళ్లు. పాలు గట్టిపడీ పడని వడ్లను దంచిన అటుకులు. గుప్పెడు గుప్పెడు తింటే అయిపోతాయని మూడు వేళ్లతో చిటికెడు చిటికెడే తీసుకుని, నెమ్మదిగా నములుతూ ఒక చుట్టంతా నడిచేది. ఎవరూ ఎక్కడికెళ్లావని అడగలేదు. తొందరగా రమ్మని ఎవరూ అనలేదు. ఆ నడకలో ఆమె ఏమాలోచించేదో ఇప్పుడు గుర్తు లేదు. బహుశా ఏమీ ఆలోచించేది కాదేమో. అదే ఎంత హాయో అప్పుడు తెలియలేదు.

కొత్తకోడలిగా ఒకసారి ఆ కబుర్లేవో చెప్పబోతే అత్తగారు పక్కింటావిడతో అంది, "ఎంగిళ్లు కడిగొచ్చిన పిల్లకి ఎన్ని గొప్పలో చూశావా!" అని. ఖాయ్ కూడా అన్నాడు. "నీ హనోయ్ పురాణం నలుగురిలో ఎత్తకు. హోటల్లో పనిచేశావని అందరికీ చాటుకోవాలా?" అప్పట్నుంచి ఎత్తలేదు. మనసులో మాత్రం ఆ వీధులు వరసగా ఉండిపోయాయి, ఏ మలుపు తర్వాత ఏదో. కుట్టు ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చుని వందల కొద్దీ కాలర్లు కుడుతున్నప్పుడు ఆ వీధుల వెంట తిరిగి వచ్చేది.

ఇప్పుడు ఆయనే రాయమంటున్నాడు.

గోడ మీద రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉంది. చింపిన కాగితాలను ఆమె పారేయకుండా డబ్బాలో దాస్తుంది, వెనకవైపు తెల్లగా ఉంటుందని. వాటి మీదే వారం రోజులు రాసింది. శుక్రవారం మధ్యాహ్నం బొగ్గుల మీద కాల్చిన పంది మాంసం, సేమ్యా. ఆ సందులో పొగ ఎక్కువ, అత్తయ్యకి దగ్గొస్తుంది కాబట్టి గాలి వచ్చే వైపు కూర్చోబెట్టాలి. సాయంత్రం పెద్ద చెరువు గట్టున రొయ్యల గారెలు. హువే వాళ్లాయనకి రొయ్యలు పడవు, ఆయనకి పక్క బండి మీద మొక్కజొన్న. శనివారం పొద్దున చెరువు మధ్యలోని బౌద్ధ గుడి, అత్తయ్య కోసం. మెట్లు తక్కువే. తర్వాత గుడ్డు నురగ వేసిన కాఫీ, క్వియెన్‌కి నచ్చుతుంది. మా ఆయనకి పరగడుపున కాఫీ పడదు, ముందు రొట్టె తినిపించాలి.

క్వియెన్ ఆ కాగితాలు చదివి నవ్వింది. "అమ్మా, నీకేం కావాలో ఒక్కటీ లేదు ఇందులో."

లువా కాగితాలు మళ్లీ చూసుకుంది. నిజమే. అయిదుగురి పళ్లూ, కడుపులూ, మోకాళ్లూ అన్నీ ఉన్నాయి. కాసేపు పెన్సిలు పట్టుకుని కూర్చుంది. అన్నిటికన్నా అడుగున చిన్న అక్షరాలతో రాసింది, "కన్ బామ్మ హోటలు. ఉంటే." ఆ మాటకి ఆమెకొక్కదానికే అర్థం తెలుసు. అక్కడ పీట మీద కూర్చోవాలి. ఎవరో గిన్నె తెచ్చి ముందు పెట్టాలి. చల్లారేలోగా తినాలి. అంతే.

సెలవు దొరకడమూ తేలిక కాలేదు. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు పైనుంచి కిందికి చూశాడు. "శుక్ర, శనివారాలా? ఎవరైనా పోయారా?"

"లేదండీ. హనోయ్ చూసొద్దామని."

"చూడ్డానికా! మీ ఆడవాళ్లకి మిషను ముందు కూర్చుంటే కాళ్లు దురద పెడతాయి." మూడు ఆదివారాలు వచ్చి పనిచేస్తానంటే సంతకం పెట్టాడు. మూడు ఆదివారాలూ పనిచేసింది.

బయల్దేరడానికి ఇంకా ఎనిమిది రోజులున్నాయనగా అత్తగారు వక్క నములుతూ వేళ్ల కణుపుల మీద ఏదో లెక్క పెట్టుకుని, సగంలో ఆగిపోయింది.

"ఒరే ఖాయ్, నువ్వన్న శనివారం ఎనిమిదో నెల ఇరవై మూడు కాదట్రా? మీ తాత తద్దినం!"

ఖాయ్ లేచి క్యాలెండరు కాగితాలు ఎత్తి చూశాడు. పైన పెద్ద అక్షరాల్లో సెప్టెంబరు 21. అడుగున చిన్న అంకెల్లో చంద్రుడి లెక్క, ఎనిమిదో నెల ఇరవై మూడు. అతను పెద్ద అంకెలు మాత్రమే చూసుకుని వ్యాను మాట్లాడాడు. ఈ ఊళ్లో పెళ్లిళ్లు, చావులు, నాట్లు అన్నీ ఆ చిన్న అంకెల మీదే నడుస్తాయని చిన్న పిల్లలకి కూడా తెలుసు.

"పోనీ గురువారమే పెట్టేద్దాం అత్తయ్యా. ముందు పెట్టుకోవచ్చంటారు కదా" అంది లువా.

"వేరే ఇళ్లల్లో పెట్టుకుంటారేమో. మనది పెద్దకొడుకుల ఇల్లు. ఆయన పోయింది ఆ రోజు మధ్యాహ్నం, వచ్చేదీ ఆ రోజు మధ్యాహ్నమే. వస్తే తలుపుకి తాళం చూపిస్తామా?"

ఆడపడుచు హువే అప్పటికే ఫోన్లో కొత్త బట్టలు చూస్తోంది. ఆమెది పంచాయతీ ఆఫీసులో ఉద్యోగం. "అన్నయ్యా, మా ఆయనకి సెలవు మళ్లీ దొరకదు. వ్యాను డబ్బులూ వెనక్కివ్వడు."

"ఇప్పుడు ఆపేస్తామని ఎవరన్నారు?" అన్నాడు ఖాయ్. "లువా ఉంటుంది కదా."

అంతే. ఆ మాట తర్వాత అందరికీ ఊపిరి ఆడింది. ఉంటావా అని అడగలేదు. ఉండాల్సొస్తుందేమో అని కూడా అనలేదు. వానొస్తే గొడుగు ఉంది కదా అన్నట్టు అన్నాడు.

"వదినా, అయితే నీ సీట్లో మా బ్యాగులు పెట్టేస్తాం. కాళ్ల దగ్గర ఇరుకు లేకుండా ఉంటుంది" అంది హువే. మంచి మనసుతోనే అంది.

లువా వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగింది. కోపం రాలేదు. అదే ఆమెకి వింతగా అనిపించింది. ఏడాదికి తొమ్మిది తద్దినాలు ఈ ఇంట్లో. ముందురోజు నుంచీ వెదురు మొలకలు నానబెట్టి, మూడు నీళ్లు మార్చి ఉడికించాలి. ఎర్రటి జిగురన్నం ఆవిరికి పెట్టాలి. బియ్యపు రేకుల్లో మాంసం చుట్టి రెండు వందల చుట్టలు వేయించాలి. కోడిని తల ఎత్తి కూర్చున్నట్టు ఉడికించి, ముక్కులో గులాబీ పెట్టాలి. ఆరు పళ్లేలు, పళ్లేనికి ఆరుగురు. మగవాళ్లు ముందు గదిలో కూర్చుని, చచ్చిపోయినాయన ఎంత గట్టివాడో చెప్పుకుంటూ తాగుతారు. పెద్దల పటాలుండే పీఠం ముందు ధూపం వెలిగించి మూడుసార్లు దండం పెట్టేది ఖాయ్. అది ఆడవాళ్ల చేతికి ఇవ్వరు. ఆమె తినేసరికి జిగురన్నం రాయిలా బిగుసుకుని ఉంటుంది. ఖాయ్ వాళ్ల తాతని ఆమె ఎప్పుడూ చూడలేదు. పటంలో ఆయన మొహం కూడా పొగకి మసకబారిపోయింది. తన సొంత తాత తద్దినం ఎప్పుడో మాత్రం ఆమెకి తెలుసు. ఇరవై ఒక్క ఏళ్లలో ఒక్కసారి వెళ్లగలిగింది.

ముసలామెని ఉండమంటే? అలా ఒక్క క్షణం అనుకుంది. పెరట్లో తీగ మీద అత్తగారి ముదురెరుపు మఖ్మల్ జాకెట్టు ఆరేసి ఉంది. పెట్టెలోంచి తీసి కర్పూరం వాసన పోవాలని ఆరేసుకుంది. ఆ సాయంత్రం దాని మీద పడిన ఆకులు ఏరుతూ అత్తగారు తనలో తనే అన్నట్టు అంది. "ఈ ఇంటికొచ్చి యాభై నాలుగేళ్లు. హనోయ్ ఎటువైపో కూడా ఎరగను. ఎప్పుడు బయల్దేరదామన్నా ఎవడో ఒక ముసలాడి తద్దినం అడ్డొచ్చేది."

లువా ఆమె వైపు చూసింది. ఎంగిళ్లు కడిగిన పిల్ల అన్న నోరే. ఆ నోట్లో ఇప్పుడు నాలుగు పళ్లే ఉన్నాయి. ఈమె పెద్ద కోడలు, తనూ పెద్ద కోడలే. రేపు క్వియెన్ ఏ పెద్దకొడుకు ఇంటికి వెళ్తుందో. ఆ జాకెట్టు చేతుల్లోకి తీసుకుని లువా మడతపెట్టింది. ఎవరు ఉండాలో ఆ మడతలు పెడుతుండగానే ఆమెకి తెలిసింది. ఇంత సులువైన సంగతి ఇన్నేళ్లూ ఎందుకు తట్టలేదా అని నవ్వొచ్చింది కూడా.

ఆదివారం మధ్యాహ్నం అందరూ చాప మీద భోజనానికి కూర్చున్నారు. హువే, వాళ్లాయనా కూడా వచ్చారు. ఖాయ్ కాగితాలు ముందేసుకుని లువా రాతని పైకి చదువుతున్నాడు. "రొయ్యల గారెలు, అబ్బో! ఇదేంటి అడుగున? కన్ బామ్మ హోటలు, ఉంటే. ఇది కొట్టేద్దాం, టైం చాలదు."

"దాన్ని ఉంచండి" అంది లువా. "ఒక సంగతి అడగాలి. తద్దినం ఎవరు పెట్టాలి?"

"ఇదేం ప్రశ్న? పెద్ద మనవణ్ణి నేను."

"మీరు హనోయ్‌లో ఉంటారు కదా."

"అదా! ఆలోచించే ఉంచానులే. నువ్వు పీఠం ముందు వీడియో కాల్ పెట్టు. నేను అక్కణ్ణుంచే మూడు దండాలు పెడతాను."

"ముత్తాత పోయేనాటికి ఈ ఊళ్లో కరెంటు కూడా లేదు నాన్నా" అంది క్వియెన్ గిన్నెలోంచి తలెత్తకుండా. "ఫోన్లో మొహం చూస్తే జడుసుకుంటారు." హువే వాళ్లాయనకి అన్నం పొలమారింది.

లువా నవ్వలేదు. అందరి గిన్నెల్లోకీ అన్నం వడ్డించడం పూర్తిచేసి గరిటె కింద పెట్టింది. "ఆయన వచ్చేది మీ కోసం. పెద్దకొడుకుల ఇల్లు ఇది. మీరే ఉండాలి. వ్యానులో నేను కూర్చుంటాను. అత్తయ్యని గుడికి నేను తీసుకెళ్తాను, దారి నాకు తెలుసు. హువే, మీ బ్యాగులు కాళ్ల దగ్గరే పెట్టుకోవాలమ్మా."

ఖాయ్ మొహం ఎర్రబడి, తెల్లబడి, చివరికి తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, విన్నావా ఇది మాట్లాడేది?"

ముసలామె వక్క ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి నెట్టింది. కోడలి వంక చూడలేదు. కొడుకునే చూసింది.

"వెదురు మొలకలు శుక్రవారం పొద్దున్నే నానెయ్యి" అంది. "మూడుసార్లు నీళ్లు మార్చు. మార్చకపోతే చేదెక్కుతాయి."

ఖాయ్ నోరు తెరిచాడు. మొలకలు, కోడి, రెండు వందల చుట్టలు, ఆరు పళ్లేలు, ముప్పై ఆరుగురు మనుషులు ఒకరి తర్వాత ఒకరు అతని కళ్ల ముందు వరసగా వచ్చి కూర్చుంటున్నట్టు ఉన్నారు.

"మరి... వంటెవరు చేస్తారు?" అన్నాడు.

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఒకరు పైకి అడగడం అదే మొదటిసారి.