వాసిలీ అత్తగారు

శ్రీవల్లి మిషిగన్‌లో పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ చేస్తోంది. వేసవి ఇంటర్న్‌షిప్‌కి ఆమెను అలాస్కాలోని ఒక యూపిక్ ఆదివాసుల ఊరికి పంపారు. ఆ ఊరికి రోడ్డు లేదు. చిన్న విమానంలో దిగాలి, లేదా నది మీద పడవలో రావాలి. ప్రభుత్వాన్ని కొత్త ఇళ్ళూ మంచి క్లినిక్కూ అడిగే ముందు, ఊళ్ళో ఎంతమంది ఉన్నారో, ఎవరెలా బతుకుతున్నారో సర్వే చేసిపెట్టమని ఊరి కౌన్సిలే యూనివర్సిటీని కోరింది.

మొదట్లో సర్వే ముందుకు సాగలేదు. ప్రతి ఇంట్లోనూ టీ ఇచ్చారు, ఎండుచేప పెట్టారు, మర్యాదగా కూర్చోబెట్టారు. ప్రశ్న అడిగితే మాత్రం కనుబొమలు పైకెత్తి ఊరుకున్నారు. ఏం తప్పు అడిగానో అని శ్రీవల్లి క్షమాపణ చెప్పి లేచి వచ్చేసేది. కనుబొమలు ఎత్తడమంటే అక్కడ అవునని అర్థమని, వాసిలీ అనే పెద్దాయన భార్య మార్తా చెప్పేదాకా ఆమెకు తెలియలేదు. అది విని శ్రీవల్లి నెత్తి కొట్టుకుంది. మార్తా కుర్చీలోంచి జారిపడేంతగా నవ్వింది.

వాసిలీకి డెబ్బై దాటాయి. పేరున్న వేటగాడు. ఇంటి పెద్ద ఎవరని అడిగితే, నేలమీద కూర్చుని ఎండుచేప చీకుతున్న మునిమనవరాలు మాయని చూపించాడు.

"ఆవిడే. మా అమ్మ," అన్నాడు.

వేళాకోళం అనుకుని శ్రీవల్లి మార్తా వైపు చూసింది. మార్తా నవ్వలేదు. పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకి పెడతామనీ, పేరుతో పాటు చుట్టరికాలన్నీ వచ్చేస్తాయనీ వివరించింది. ఆ పాపని వాసిలీ ఒక్కసారి కూడా కసురుకోలేదట.

శ్రీవల్లికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. తనది నానమ్మ పేరేనని చెప్పింది. ఇంట్లో నాన్న తనని అమ్మా అనే పిలుస్తాడు. కోప్పడాల్సి వస్తే ఆ పని అమ్మకి అప్పగించి పెరట్లోకి వెళ్ళిపోతాడు, కన్నతల్లిని తిట్టడానికి నోరెలా వస్తుందని.

వాసిలీ పకపకా నవ్వాడు. ఆ నవ్వు దగ్గుగా మారి ఎంతకీ ఆగలేదు. చలికాలం నుంచీ ఇదే వరస, క్లినిక్‌కి రమ్మంటే రాడు అని మార్తా వాపోయింది. శ్రీవల్లి దగ్గరికి కుర్చీ జరుపుకుని, నెమ్మదిగా అంది.

"మా అమ్మ పేరు ఇంకా ఎవరికీ పెట్టలేదు. నీకు పెడతాను."

ఆ పేరు చివర అటు 'క' కాదు, ఇటు 'ఖ' కాదు, గొంతు అడుగు నుంచి రావాల్సిన అక్షరం ఒకటుంది. అది సరిగ్గా పలికేదాకా మార్తా వదల్లేదు. పలకగానే వాసిలీ గబుక్కున లేచి, కిటికీ పక్కనున్న తన కుర్చీ శ్రీవల్లికి ఖాళీ చేశాడు. ఊళ్ళో అందరినీ ఆటపట్టించే మనిషి, ఆవిడ బతికున్నన్నాళ్ళూ అత్తగారి మాటకి ఎదురు చెప్పలేదట.

"ఇప్పుడడుగు," అంది మార్తా.

శ్రీవల్లి కుర్చీలో నిటారుగా సర్దుకుంది. "అల్లుడూ, క్లినిక్‌కి ఎప్పుడు వెళ్దాం?"

వాసిలీ తలుపు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. చివరికి కనుబొమలు ఎత్తాడు. ఆ మధ్యాహ్నమే ముగ్గురూ వెళ్ళారు. వీడియోలో డాక్టరు చూసి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందనీ, మందులకి లొంగుతుందనీ చెప్పింది. అత్తగారు చూస్తుండగా మొదటి మాత్ర మింగాడు.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. నాలుగు చక్రాల మోటారు బైకు మీద వెళ్తున్న భారీ మనిషి ఆగి, ఎక్కు అమ్మమ్మా అన్నాడు. మార్తా చెల్లెలు, అరవై ఏళ్ళావిడ, కావలించుకుని అమ్మా అంది. ఇక ఏ ఇంట్లోనూ అడగాల్సిన పని లేకపోయింది. ఎవరు ఎక్కడ చదివారో, ఎవరికి ఉద్యోగం లేదో, ఏ ఇంట్లో నీళ్ళు రావో వాళ్ళే చెప్పుకొచ్చారు. కౌన్సిల్ ఒప్పుకోవడంతో శ్రీవల్లి సర్వేలో చుట్టరికాలు రెండూ రాసింది, పుట్టుకతో వచ్చిందీ, పేరుతో వచ్చిందీ.

మిషిగన్‌లోనే నోవై అనే ఊళ్ళో అన్నయ్య దగ్గరున్న అమ్మ లీలావతి ఫోన్ చేసినప్పుడు, నాకు కూతుళ్ళున్నారు, అల్లుడున్నాడు అని సంతోషం పట్టలేక చెప్పేసింది. లీలావతి గొంతు తగ్గించి అడిగింది.

"అల్లుడి వయసెంతే?"

"డెబ్బై దాటాయమ్మా."

విషయమంతా విన్నాక లీలావతి, అల్లుడికి మిరియాల కషాయం కాచి ఇమ్మని పాళ్ళతో సహా చెప్పింది. శ్రీవల్లి కాచింది. వాసిలీ కళ్ళు మూసుకుని తాగాడు.

బయల్దేరే ముందురోజు కమ్యూనిటీ హాల్లో నాట్యాలు పెట్టారు. మగవాళ్ళు డప్పులు పట్టుకున్నారు. దగ్గు తగ్గిన వాసిలీ వాళ్ళ మధ్య కూర్చున్నాడు. మార్తా శ్రీవల్లి చేతుల్లో గడ్డితో అల్లిన విసనకర్రలు పెట్టి ఆడవాళ్ళ వరుసలో నిలబెట్టింది. మోకాళ్ళు వంచాలి, చేతులతో కథ చెప్పాలి. శ్రీవల్లి అందరికీ ఎదురు దిశలో ఊగింది, పక్కావిడ ముక్కుకి విసనకర్ర తగిలించింది. హాలంతా గొల్లుమంది.

డప్పు ఆగగానే జనమంతా "పాముయా" అన్నారు. మళ్ళీ ఆడమని. శ్రీవల్లికి ఊపిరి ఆడటం లేదు, నవ్వు ఆగటం లేదు. మాయ పరిగెత్తుకొచ్చి ఆమె కుర్తా పట్టుకుని పక్కనే నిలబడింది. వాసిలీ డప్పు ఎత్తాడు, ఈసారి ఇంకాస్త జోరుగా.