పప్పుకట్టు చిక్కబడింది

నేను ఒక ఉగ్గుగిన్నెను. వెండిదాన్ని. అరచేతిలో ఇమిడే బొజ్జ, ఒక పక్కన పిచ్చుక ముక్కులాంటి ముక్కు, కింద పడిపోకుండా చిన్న పీట. నా ఆస్తి ఇంతే. పెద్దాపురంలో ఒక కంసాలి కుంపటి ముందు కూర్చుని, రేకు సాగగొట్టి నన్ను చేశాడు. ముక్కు అతికించాక నచ్చక ఊడబీకి మళ్ళీ అతికించాడు. పసినోటికి తగిలేది, గరుకు ఉండకూడదని వేలితో తడిమి తడిమి చూశాడు. నా గురించి ఎవరైనా అంతగా ఆలోచించడం అదే మొదలు, దాదాపు అదే ఆఖరు.

మాణిక్యం పుట్టినప్పుడు వాళ్ళ అమ్మమ్మ నన్ను కొని మండపేట తీసుకొచ్చింది. మనుషుల సంగతి నాకు అక్కడే తెలిసింది. బిడ్డను చాచిన కాళ్ళ మీద పడుకోబెడతారు, నన్ను పెదవికి ఆనించి వంచుతారు. గుటకలేస్తే ఆకలి అంటారు. తల తిప్పేసుకుంటే కడుపు నిండిందనుకోరు, దిష్టి తగిలిందంటారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో పోసి, మళ్ళీ నన్నే ఎత్తుతారు. ఇక చాలని చెప్పుకోవడానికి ఆ బిడ్డకు ఉన్నది మెడ ఒక్కటే. ఆ మెడ మాట ఎవరికి కావాలి?

మాణిక్యానికి పన్నెండేళ్ళప్పుడు తమ్ముడు తాతాజీ పుట్టాడు. వాడు పాకడం నేర్చేలోగా తల్లి జబ్బుచేసి పోయింది. పరికిణీ కట్టుకునే పిల్ల తన సన్నటి కాళ్ళు చాచి, వాణ్ణి పడుకోబెట్టుకుని, నాతో ఉగ్గు పట్టింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మాణిక్యం మాత్రం అడక్కముందే పెట్టేది, వద్దన్నాకా పెట్టేది. వాడు బొద్దుగా తయారయ్యాడు. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. తర్వాత నన్ను గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టారు. మాణిక్యం పెళ్ళి చేసుకోలేదు. చేసుకుంటావా అని ఎవరూ అడగనూ లేదు.

నేను మళ్ళీ వెలుగు చూసేసరికి ఆమె తల నెరిసిపోయింది. తాతాజీ వడ్డన మేస్త్రి అయ్యాడు. పెళ్ళిళ్ళలో బంతి వడ్డించే జట్టుకు పెద్ద అన్నమాట. కొసరి వడ్డించడంలో గోదావరి జిల్లాల్లో అతన్ని మించినవాడు లేడని పేరు. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి బూరె జార్చగలడట. చాలు అన్న మాటను అతను మొహమాటం కిందే జమకట్టేవాడు. తను తినేటప్పుడూ అంతే. చివరికి ఒక పెళ్ళిపందిట్లో పులుసు బకెట్టుతో సహా కూలబడ్డాడు. ఒంట్లో చక్కెర, నాలుగడుగులకే ఆయాసం, అరిగిపోయిన మోకాళ్ళు. ఇలాగే ఉంటే గుండె ఎక్కువకాలం మొయ్యలేదని కాకినాడ డాక్టరుగారు చెప్పారు. ఒళ్ళు తగ్గడానికని పొట్టలో ముప్పాతిక వంతు కోసి తీసేశారు. మిగిలింది అరటికాయంత గొట్టం, నిలువునా కుట్లు.

గ్లాసుతో ఇస్తే గటగటా తాగేస్తున్నాడని మాణిక్యానికి నేను గుర్తొచ్చాను. నా బొజ్జా తాతాజీ బొజ్జా ఇప్పుడు ఇంచుమించు ఒకే కొలత. చింతపండు పెట్టి తోమి నన్ను వెలిగించింది. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగానే ఉంది.

తాతాజీ భార్య పేరు లోవకుమారి. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. డాక్టరు చెప్పినవన్నీ ఆవిడకు కంఠోపాఠం. కుట్లు అతికేదాకా నీళ్ళలాంటివే పట్టాలి: కొబ్బరినీళ్ళు, పల్చటి మజ్జిగ, పప్పు ఉడికించి వార్చిన కట్టు. చిక్కటిదేదైనా పడితే లోపలి కుట్టు విచ్చుకోవచ్చు, విచ్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఈ మాట లోవ ఇంట్లో రోజూ అనేది. ఇల్లంతా ఆవిడ కొత్త పద్ధతిలోకి తిప్పేసింది. పెద్ద గిన్నెలు అటకెక్కాయి. జంతికల డబ్బా, నెయ్యి జాడీ పక్కింటికి వెళ్ళిపోయాయి. తాతాజీ పాత చొక్కాలు విప్పదీసి వాటిలోంచే అతనికి సరిపోయేవి కుట్టింది, మిగిలిన గుడ్డతో దిండు గలీబులు కుట్టింది. ఉదయమే బియ్యం తనే కొలిచి వదినగారి చేతిలో పెట్టేది. ఇద్దరు ఆడవాళ్ళకు ఎంతో అంతే. మిగిలితే ఎవరో ఒకరు తినాలి, ఆ ఎవరో మా ఆయనే అవుతాడు అనేది. పొదుపంటే పొదుపు, పథ్యమంటే పథ్యం. ఆ ఇల్లు అంత తేలిగ్గా ఊపిరి తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

మాణిక్యానికి మాత్రం ఊపిరాడలేదు. తమ్ముడి బుగ్గలు లోపలికి పోతున్నాయి. దవడ కింద చర్మం వేలాడుతోంది. చూడ్డానికొచ్చిన ప్రతి మనిషీ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆమె చెవిలో ఏదో ఊదేవారు. ఆకలితో చంపుతున్నారేమో చూసుకోమన్నారు ఒకరు. డాక్టర్లకేం, వాళ్ళ తమ్ముళ్ళా అన్నారు ఇంకొకరు. ఆమె లోపలికొచ్చి, పల్చటి కట్టు నాలో పోస్తూ ఏడ్చేది. నేను పెంచిన ఒళ్ళు ఇది అనేది నాతో. నాతోనే అనేది, ఇంకెవరితోనూ కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె నాలో కట్టుతోపాటు మరొకటి వేసింది. మెత్తగా ఉడికిన అన్నం, వేళ్ళతో నలిపి, బట్టలో వడకట్టి, కట్టులో కలిపింది. కొంచెమే. ముందుగదిలో మిషను గడగడలాడుతోంది. అది ఆగినప్పుడల్లా మాణిక్యం చెయ్యి ఆగేది. మళ్ళీ మొదలైతే మళ్ళీ కలిపేది. నాకు చెమటలు పట్టే యోగం లేదు గానీ, ఉంటే ఆ రోజు తడిసిపోయేదాన్ని. లోవ మాటలన్నీ నేనూ విన్నదాన్నే కదా. కంసాలి నాకు ముక్కు పెట్టాడు గానీ మాట పెట్టలేదు.

తాతాజీ ఒక గుక్క తాగి ఆగాడు. నన్ను చూశాడు. అక్కను చూశాడు. ఆమె మొహంలో ఎన్నాళ్ళకో వచ్చిన వెలుగుంది. అతను కళ్ళు దించుకుని మిగిలింది తాగేశాడు. లోవను పిలుస్తాడేమో అనుకున్నాను, పిలవలేదు.

మర్నాడు ఇంకొంచెం చిక్కబడింది. ఆ మర్నాడు ఇంకాస్త, బట్టలో వడకట్టడం కూడా మానేసింది. తమ్ముడికి ఏమీ కాలేదన్న ధైర్యం ఆమె చేతికి వచ్చేసింది. నాకు తెలిసింది వేరు. నన్ను పట్టుకున్న అతని వేళ్ళు చల్లబడుతున్నాయి. తాగిన తర్వాత గోడకు ఒరిగి, పళ్ళ బిగువున నొప్పి అణుచుకుంటున్నాడు. లోవ వచ్చి ఎలా ఉందంటే బానే ఉందనేవాడు. వద్దక్కా అనే రెండు ముక్కలు ఎందుకు అనలేడో నాకు అర్థమయ్యేది కాదు. వేలమంది విస్తళ్ళ ముందు నిలబడి చాలు అన్న మాటను లెక్కచెయ్యనివాడికి, తను అనాల్సి వచ్చేసరికి అది గొంతులోంచి రాలేదు. పిరికివాడని తిట్టుకున్నాను. ఇప్పటికీ పూర్తిగా వెనక్కి తీసుకోను.

నాలుగోరోజు, సగం తాగాక నేను అతని చేతిలోంచి జారాను. మాణిక్యం పట్టుకుంది. తాతాజీ ఎడమ భుజం పట్టుకుని పక్కకు ఒరిగిపోయాడు. ఒళ్ళు కాలిపోతోంది, గుండె కొట్టుకోవడం చొక్కా మీదికి కనిపిస్తోంది. మిషను ఆగింది. లోవ పరుగున వచ్చింది. ఆటో, తర్వాత కారు, తర్వాత కాకినాడ. ఆ దారంతా మాణిక్యం గుప్పిట్లో నేనున్నాను. నన్ను పట్టుకున్నానన్న సంగతే ఆమె ఎరగదు.

డాక్టరుగారు పొట్ట నొక్కి చూశారు. భుజం నొప్పి ఎప్పటినుంచని అడిగారు. ఇలాంటి ఆపరేషను తర్వాత గాలి పట్టేసినా ఇలాగే ఉంటుంది, కుట్టు విచ్చుకున్నా మొదట్లో ఇలాగే ఉంటుంది, నోట్లోకి ఏం వెళ్ళిందో చెబితే తప్ప ఏ దారి పట్టాలో తేలదు అన్నారు.

"నీళ్ళలాంటివి కాక ఇంకేమైనా తిన్నారా?"

"లేదండి" అన్నాడు తాతాజీ.

లోవ కూడా అదే అంది. కొలిచి ఇచ్చేది తనేనని, చుక్క తేడా రాదని, కావాలంటే తలుపులమ్మ తల్లి మీద ఒట్టేస్తానని అంది. పాపం, ఆవిడకు తెలిసింది అంతే. అయితే గాలే అయ్యుంటుంది, సూది మందు ఇచ్చి రేపటిదాకా చూద్దాం అంటూ డాక్టరుగారు కలం తీశారు.

రేపటిదాకా. లోపల కుట్టు విచ్చుకుని అన్నం బయటికి కారుతుంటే రేపటికి ఏముంటుంది? నా ముక్కులో ఇంకా రెండు మెతుకులు ఇరుక్కుని ఉన్నాయి. ఎవరైనా నన్ను చూడండి అని నా వెండి ఒళ్ళంతా అరిచింది. తాతాజీ అక్కవైపు చూసి, కనీకనిపించకుండా తల అడ్డంగా ఊపాడు. చెప్పొద్దని. చావనైనా చస్తాడు గానీ అక్కను నలుగురిలో దోషిని చెయ్యడు.

మాణిక్యం గుప్పిట విప్పింది. నన్ను తీసుకెళ్ళి డాక్టరుగారి బల్లమీద, ఆయన కాగితాల మీదే పెట్టింది.

"నేనే పెట్టానండి. అన్నం నలిపి కలిపేనండి. నాల్రోజుల్నుంచీ పెడతన్నానండి. ఆడికి తెలీదు, లోవకీ తెలీదు. ఏం చేసినా నన్నే చెయ్యండి."

"నాకు తెలుసక్కా" అన్నాడు తాతాజీ కళ్ళు మూసుకునే. "మొదటి గుక్కకే తెలిసింది."

"తెలిసే తాగేవేంట్రా?"

డాక్టరుగారు నా ముక్కులో మెతుకు చూసి లేచారు. ఎవరి మీదా కేకలేయలేదు. మంచం కదిలింది, తలుపులు మూసుకున్నాయి.

వరండాలో బల్లమీద ఇద్దరు ఆడవాళ్ళు, మధ్యలో నేను. లోవ తిడుతుందనుకున్నాను. చేతికి దొరికితే నన్ను గోడకేసి కొడుతుందనుకున్నాను. ఆవిడ నావైపే చూస్తూ, మెల్లగా అడిగింది.

"ఆ అన్నం ఎక్కడిది వదినగారూ? నేను కొలిచిచ్చింది మనిద్దరికే కదండీ."

మాణిక్యం పైటకొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆ ఇంట్లో ఆమె అందరూ తిన్నాక, ఒక్కతే వంటింట్లో కూర్చుని తినేది. ఆమె కంచంలో ఏముందో చూసినవాళ్ళు లేరు. ఆమె వాటా అన్నం నాలోకి వచ్చేది. అడుగున అంటుకున్న మాడు గీక్కుని, మజ్జిగ పోసుకుని ఆమె తాగేది. నాకు తెలుసు. ఈ సంగతి నాకు ముందునుంచీ తెలిసినా, తాతాజీ ప్రాణం గోలలో పడి నేనూ దాన్ని పట్టించుకోలేదు. మనుషుల్ని వేళాకోళం చేసే నోరు నాది, చూడకపోవడంలో నేనేం తక్కువ?

లోవ వదినగారి చెయ్యి పట్టుకుంది. మణికట్టు చుట్టూ ఆవిడ వేళ్ళు కలిసి, పైన ఇంకా జాగా మిగిలింది. ఒకరి ఒళ్ళు తగ్గుతోందని ఊరంతా చూసింది గానీ, అదే ఇంట్లో రెండో ఒళ్ళు తగ్గడం ఎవరూ చూడలేదు. లోవ అక్కడే, ఆ వరండాలోనే, వెక్కి వెక్కి ఏడ్చింది.

కుట్టు ఒకచోట విచ్చుకుంది. పూర్తిగా తెగలేదు. ఇంకొక్క పూట ఆలస్యమైతే దక్కేవాడు కాదట. పక్కలోంచి గొట్టం వేసి, నోటికి చుక్కనీరు లేకుండా రోజుల తరబడి ఉంచారు. బతికాడు.

ఇంటికొచ్చాక మాణిక్యం వంటింటి గడప తొక్కలేదు. తన చెయ్యి మంచిది కాదని వీధి అరుగు మీదే కూర్చునేది. పిలిస్తే వచ్చేది, పెట్టింది తిని మళ్ళీ అరుగు మీదికే పోయేది. ఆపరేషను కన్నా అది చూడటమే నాకు కష్టమైంది. తాతాజీ ఇప్పుడు మెత్తటివి రెండు మూడు చెంచాలు తినగలడు. అతని పథ్యం అతనికి అలవాటైపోయింది. వడ్డనకు కూడా మెల్లగా వెళ్తున్నాడు. నేను మాత్రం ట్రంకుపెట్టెలోకి తిరిగి వెళ్ళలేదు. అతని పల్చటి మజ్జిగ నాలోనే.

ఆ రోజు ఆదివారం. ముగ్గురికీ వంట అయింది. తాతాజీ వీధిలోకి వెళ్ళి, అక్కను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి, పీట మీద కూర్చోబెట్టాడు. అరిటాకు వేశాడు. నడుముకు తువ్వాలు బిగించాడు, పెళ్ళిళ్ళలో బిగించినట్టే. ఊళ్ళో ఇన్ని బంతులు వడ్డించాడు గానీ, పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఈమెకు ఒక్కసారీ వడ్డించలేదు. అందరికన్నా ముందు కూర్చోవడం తెలియక ఆమె ముడుచుకుపోయింది.

అతను గరిటెతో అన్నం తీసి ఆకు మీద పట్టుకుని ఆగాడు.

"ఎంత వెయ్యమంటావక్కా?"

"నీ ఇష్టం రా."

"నా ఇష్టం కాదు. నువ్వు చెప్పు."

ఆమె తెల్లబోయి చూసింది. ఆ ప్రశ్న ఆమెను ఎన్నడూ ఎవరూ అడగలేదు. లోవ పచ్చడి గిన్నెతో గుమ్మంలోనే నిలబడిపోయింది. తాతాజీ గరిటె దించలేదు. కొసరలేదు, బతిమాలలేదు. ఆమె ఆకు చూసింది, అన్నం చూసింది. చివరికి కొంచెం అన్నట్టు వేళ్ళు ముడిచి చూపింది. అతను సరిగ్గా అంతే వేసి ఆగిపోయాడు.

మాణిక్యం పప్పు కలుపుకుంది. ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇంకొకటి. ఆకు ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. తర్వాత, పరాయి ఇంట్లో ఏదో అడుగుతున్నంత సిగ్గుగా, ఆకు అతనివైపు కొద్దిగా జరిపింది.

"ఇంకొంచెం వెయ్యరా" అంది.