సీసం చెప్పిన సాక్ష్యం

2014 ఎన్నికలు దగ్గర పడ్డాయి. లైసెన్సు తుపాకులన్నీ తెచ్చి స్టేషన్లో అప్పజెప్పమని పోలీసులు కబురు పెట్టారు. శంషాబాద్ కుర్మయ్యకు ఒక రివాల్వర్ ఉంది. పొలం ప్లాట్లయిన ఏడాది దొంగల భయంతో లైసెన్సు తీసుకున్నాడు. కాల్చే పని మాత్రం పెట్టుకోనని భార్య సత్తెమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

ఆ పొద్దున కుర్మయ్య క్షవరం చేయించుకుని ఇంటికొచ్చేసరికి వరండాలో బద్రుద్దీన్ పాత పేపరు పరుచుకుని కూర్చున్నాడు. పోలీసు తుపాకులు బాగుచేసి బాగుచేసి రిటైరైన మనిషి. ఆయన చేతిలో రివాల్వర్ చూసి కుర్మయ్య మెట్టు మీదే ఆగిపోయాడు.

"నేనే పిలిపించిన," అంది సత్తెమ్మ. "అయిదేండ్ల సంది బీరువల పడున్నది. తుప్పు పట్టిందేమో, స్టేషన్ల ఇచ్చే ముందుగాల చూపిద్దామని."

బద్రుద్దీన్ లోపల గుండ్లేమీ లేవని రెండుసార్లు చూసుకున్నాడు. గొట్టం వెనక తెల్లకాగితం పెట్టి ఒంటికన్నుతో తొంగిచూశాడు.

"తుప్పు లేదక్కా, సీసం ఉన్నది. సీసం గుండు కాల్చినప్పుడల్లా జరంత గొట్టానికి అంటుకుంటది."

"కాల్చిందెప్పుడు?"

కుర్మయ్య బద్రుద్దీన్‌కు కన్ను కొట్టాడు.

"కంట్ల నలుసు పడ్డదా అన్నా? జర నీళ్లు కొట్టుకో," అన్నాడు బద్రుద్దీన్.

గొట్టంలో నూనె పోసి కాసేపు నాననిచ్చాడు. కరెంటు వైరు ఒలిచి తీసిన సన్నటి రాగి పోగుల్ని పాత బ్రష్షుకు చుట్టాడు. "ఇనుప పీచు పెడితే లోపల గీతలు పడతయ్. రాగి మెత్తన, సీసాన్నే గీకుతది," అంటూ బ్రష్షును గొట్టంలో ఆడించాడు. చేప పొలుసుల్లాంటి తళతళలాడే ముక్కలు పేపరు మీద రాలాయి.

"కమాల్!" అని మురిసిపోయాడు బద్రుద్దీన్. "తక్కువల తక్కువ రెండు నూర్ల గుండ్లు పేలినయ్ అక్కా!"

సత్తెమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏడ పేల్చినవ్?"

ఊరవతల షూటింగ్ రేంజ్ ఉందనీ, ఆరు నెలలుగా ప్రతి ఆదివారం అక్కడికే పోతున్నాననీ కుర్మయ్య ఒప్పుకున్నాడు.

"ఆదివారం కాటేదాన్‌ల మీ అక్క ఇంటికి కదా పోయేది?"

"లే... పోలే."

"మరి నేను కట్టిచ్చిన సర్వపిండి?"

కుర్మయ్య తల వంచుకున్నాడు. "రేంజ్‌ల అందరం తిన్నం. మస్తు మెచ్చుకున్నరు."

సత్తెమ్మ నెత్తి కొట్టుకుంది. వారం వారం అంత పంపినా బాగుందని ఒక్క మాట చెప్పలేదని ఆడబిడ్డ ఈరమ్మతో ఆమె మాట్లాడడమే మానేసింది. మొన్న పెళ్లిలో ఎదురుపడితే మొహం తిప్పుకుంది కూడా.

"ఒట్టు సంగతి ఇంటికొచ్చినంక చూస్త. ముందుగాల నడువు," అంది, చెప్పులేసుకుంటూ.

రేపు స్టేషన్లో ఇద్దామని రివాల్వర్ బీరువాలోకి పోయింది, బద్రుద్దీన్ ఇంటికి పోయాడు, మొగుడూ పెళ్లాలు ఆరాంఘర్ మీదుగా కాటేదాన్ చేరారు. గడపలోనే సత్తెమ్మ జరిగిందంతా చెప్పింది.

"నేనేం తప్పు జేసిన్నో తెల్వక ఎంత పరేషాన్ అయిన్నో!" అంటూ ఈరమ్మ మరదలిని వాటేసుకుంది. తమ్ముడి వంక చూడనైనా చూడలేదు.

ఇద్దరూ లోపల కూర్చుని ఆరు నెలల ముచ్చట్లు మొదలుపెట్టారు. కుర్మయ్య చాలాసేపు బయట మెట్టు మీదే కూర్చున్నాడు. మంచినీళ్లయినా ఎవరూ అడగకపోయేసరికి తనే లేచి కుండలో ముంచుకుని తాగాడు.