దిగిరాని నీడ

ఎండ ముదిరేలోగా మిరపకాయలు తిరగెయ్యాలని బుడాన్ పొద్దున్నే కళ్లంలోకి దిగాడు. వెనకే భార్య ఖైరున్నీసా వచ్చింది. ఎర్రటి కాయల మీద ఆమె నీడ ఒక్కటే పడింది. బుడాన్ నీడ ఇంకా ఉద్యోగంలోనే ఉందని ఊళ్లో అందరికీ తెలుసు.

ముప్పై ఒక్కేళ్లు నల్లమల అడవిలో ఫైర్ వాచర్‌గా చేశాడాయన. వేసవంతా మంచె ఎక్కి పొగ కోసం కాపు కాయడం, మంట లేస్తే పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పడం. మంచె దగ్గర ఒక కట్టుబాటుంది. బదులు వచ్చినవాడు కింద నిలబడి "నేనొచ్చాను, నువ్వు దిగు" అనాలి. ఆ మాట వినకుండా దిగకూడదు. 2003లో బుడాన్ రిటైరైన రోజున బదులు ఎవర్నీ వెయ్యలేదు. సాయంత్రం దాకా చూసి, బస్సు తప్పిపోతుందని దిగొచ్చేశాడు. నీడ మాత్రం దిగలేదు.

రెండేళ్లుగా అక్కడి హాజరు పుస్తకంలో రోజూ బుడాన్ వేలిముద్ర మసితో పడుతూనే ఉంది.

"హాజరు పడుతుంటే పెన్షన్ ఎలా ఇమ్మంటారు బుడాన్ గారూ?" అన్నాడు అటవీశాఖ ఆఫీసు గుమాస్తా రామాంజనేయులు, జాలిగానే. "ముందు దాన్ని దించుకు రండి."

రెండుసార్లు వెళ్లి పిలిచాడు. తన మాట తన నీడే వినలేదు. మూడోసారి కొండ సగంలోనే కూలబడ్డాడు. అన్నేళ్లు మింగిన పొగ ఊరికే పోతుందా? మందులు కొనలేక ఆయన రాత్రంతా దగ్గుతుంటే ఖైరున్నీసా పక్కనే మేలుకుని కూర్చునేది. ఆఫీసు కన్నా ఆ నీడ మీదే ఆమెకు కోపం.

ఒక మంగళవారం చెల్లెలింటికని చెప్పి మార్కాపురం బస్సెక్కింది. పొద్దు వాలే వేళకు మంచె కింద నిలబడింది. పైన ఎవరూ లేరు.

"నేనొచ్చాను," అంది. "నువ్వు దిగు."

పెళ్లయ్యాక భర్తను నువ్వనడం అదే మొదలు. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. చల్లగా ఏదో ఆమె పాదాల మీదుగా పాకి బాట పట్టింది. ఖైరున్నీసా వెనక్కి చూడకుండా కొండ దిగింది.

నెల తిరక్కుండా పెన్షన్ మంజూరైంది. దగ్గుతో అన్నాళ్లూ మంచం దిగని బుడాన్ ఆ వేళే కళ్లంలోకి వచ్చి, తన నీడను చూసుకుని మురిసిపోయాడు. తర్వాత పక్కకు చూశాడు. భార్య వంగి ఉన్న చోట కాయలన్నీ ఎండలోనే ఉన్నాయి.

"ఎంత పని చేశావే," అన్నాడు. "రేపే వెళ్లి దించుకొస్తాను."

"అప్పుడు మళ్లీ మీది అక్కడుండిపోతుంది. పెన్షన్ ఆగిపోతుంది. ఊరుకోండి."

ఖైరున్నీసా కొంగు దులుపుకుంది. కాయల మీద కాస్త బూడిద రాలింది. ఆమె మళ్లీ పనికి వంగి, మొదటిసారి దగ్గింది.