పెద్దసారు కూర్చుని చూసిన కుర్చీ

మా కోడలు మనిషి పొట్టి. ఎంత పొట్టి అంటే, మిట్టమధ్యాహ్నం ఆమె నీడలో చీమక్కూడా చోటు చాలదు. ఈ మాట ఆమె ముందే అంటాను. "మీ నాలుకంత పొడుగు మాత్రం నాకొద్దు మామయ్యా" అంటుంది.

ఆమె బీమా ఆఫీసులో చేరింది. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని దరఖాస్తుల్లో తప్పులు పట్టే పని. మూడు నెలలు చూసి, నచ్చితే ఖాయం చేస్తారు. రెండు నెలలు దాటేసరికి నడుము పట్టేసింది. ఇలాగే కూర్చుంటే నెల్లాళ్లు మంచం మీదే ఉండాలన్నాడు డాక్టరు. ఖాయం కాని మనిషి నెల సెలవడిగితే ఇక ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే.

ఎలా కూర్చుంటావో చూపించమన్నాను. వంటింట్లో ఎత్తుపీట ఎక్కి, కాళ్లు గాల్లో ఆడిస్తూ, చేపకోసం చూసే కొంగలా ముందుకి వంగింది. అప్పుడు బయటపడింది సంగతి. కొత్త కుర్చీలొచ్చిన రోజు పెద్దసారు అన్నింట్లోనూ ఒక్కోసారి కూర్చుని చూశాడట. తాడిచెట్టులాంటి మనిషి. మీట లాగి, తనకి సరిపడా పైకి లేపుకుని, బాగున్నాయని వెళ్లిపోయాడు. సారు పెట్టిన ఎత్తు, ఎవరూ ముట్టుకోవద్దన్నాడు హెడ్ గుమాస్తా. అంతే, నలభైమంది కాళ్లూ గాల్లోనే.

మా బడిలో ఒకడు ఎంత నిటారుగా కూర్చునేవాడంటే, వాడి తలమీద పిచ్చుక గూడు కట్టిందనీ, పిల్లలెగిరిపోయేదాకా మాస్టారు వాణ్ని లేవనివ్వలేదనీ చెప్పాను. కోడలు నవ్వబోయి, నడుం పట్టుకుని సగంలో ఆగిపోయింది. నాకూ కోతలు కొయ్యబుద్ధి కాలేదు.

"ఆ మీట ముట్టుకుంటే ఉద్యోగం పోతే పోవచ్చు. ముట్టుకోకపోతే పోవడం ఖాయం. ఆలోచించుకో అమ్మా" అన్నాను.

మర్నాడు వెళ్లీ వెళ్లగానే మీట లాగింది. కుర్చీ బుస్సుమంటూ దిగింది. పాదాలు నేలకానాయి, వీపు వెనక్కి ఆనింది, మోచేతులు బల్లకి సరిగ్గా అందాయి. హెడ్ గుమాస్తా పరుగున వెళ్లి పెద్దసారుని పిలుచుకొచ్చాడు.

ఎవరు దించారని అడిగాడు సారు.

"నేనే సార్. కాళ్లందక నడుము పోతోంది."

ఆయన వంగి బల్లల కిందకి చూశాడట. వరసగా వేలాడుతున్న చెప్పులు, బూట్లు. నిటారుగా లేచి, "నా బరువు ఆపుతాయో లేదో చూశానయ్యా. మీ ఎత్తులు నాకేం తెలుసు?" అన్నాడు.

ఆ తర్వాత గదంతా బుస్సు బుస్సుమని ఒకటే మోత, పాముల పుట్టలో చెయ్యి పెట్టినట్టు.

నొప్పి ఒక్కరోజులో పోలేదు. డాక్టరు చెప్పినట్టు అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేసొస్తే, మూడో వారానికి తగ్గింది. సెలవు అవసరం లేకుండానే ఉద్యోగం ఖాయమైంది. హెడ్ గుమాస్తా మాత్రం మాట తప్పలేదు. కోడలు అటుగా నడిచినప్పుడల్లా, ఇంకా ఆ ఎత్తునే కూర్చుని, నడుం నొక్కుకుంటూ కిందకి చూస్తాడట.