తొట్టికి అర గ్రాము

ఖబూరా తోటలో ఖర్జూరాల కింద గుంతలు తవ్వి తవ్వి చేతులు కాయలు కాశాయి కానీ, అర్బాబ్ కళ్లకు మల్లేశం ఏనాడూ మనిషిలా ఆనలేదు. ఆ యజమానే ఏ బుద్ధి పుట్టిందో చేపల తొట్లు పెట్టించి ఇతనికి అప్పజెప్పాడు. ఈ అరబ్బు దేశం వచ్చాక మల్లేశం మనసుపెట్టి చేసిన పని అదొక్కటే. ఇప్పుడు తల్లిచేపలు నీటిపైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. అవి పోతే తొట్లు తీయించేస్తాననీ, మళ్లీ పార పట్టాల్సిందేననీ అర్బాబ్ పొద్దున్నే తేల్చేశాడు.

బౌషర్‌లో ఉండే చేపల డాక్టరమ్మ వాణి వీడియోలో చూసి, మొప్పల జబ్బంది. లీటరు నీటికి రెండు మిల్లీగ్రాముల పర్మాంగనేట్ మందు కలపమంది. ఎక్కువైతే మొప్పలు మాడతాయని హెచ్చరించింది. తొట్టిలో రెండువందల యాభై లీటర్లు. అంటే అర గ్రాము. డ్రైవర్ ఇనాయత్ తెచ్చిన పొట్లమేమో పది గ్రాములది. అందులోంచి రవ్వంత తీసి ఎరువుల కాటా మీద పెడితే ముల్లు కదిలితే ఒట్టు.

ఇనాయత్‌ది కడప. వాడికి విసుగొచ్చింది. "చిటికెడు ఏసేయ్ మల్లేశన్నా. బిర్యానీలో ఉప్పు నేనేమన్నా తూచి ఏస్తానా?"

"ఉప్పెక్కువైతే మేం నిన్ను తిడ్తం. ఇవి తిట్టయ్ రా, సస్తయ్."

తీసిన రవ్వను పొట్లంలోనే పోసి మల్లేశం మళ్లీ ఫోన్ చేశాడు. చిన్న కాటా లేదా అని డాక్టరమ్మ నవ్వింది. "తక్కువ తూచలేకపోతే ఎక్కువే నీళ్లలో కలిపి, ఆ నీళ్లు కొలవండి."

మల్లేశానికి ఒళ్లు ఝల్లుమంది. పది లీటర్ల బకెట్‌లో పొట్లమంతా కలిపితే లీటరుకో గ్రాము. అర గ్రాముకు అర లీటరు! లెక్కల పంతులు బెత్తం విరగ్గొట్టినా ఎక్కని దశాంశాలు ఇక్కడ, ఈ ఎండలో, కళ్లముందు నిలబడ్డాయి. ఇనాయత్ తాగుతున్న అర లీటరు సీసా లాక్కుని, మిగిలిన నీళ్లు పారబోశాడు.

"దాహంతో నేను పోతే?" అన్నాడు ఇనాయత్.

"నువ్వు గుడ్లు పెట్టవు గద."

బకెట్ నీళ్లు చిక్కని ఊదారంగుకు తిరిగాయి. సీసా నిండా ముంచి, తొట్టి చుట్టూ తిరుగుతూ సన్నటి ధారగా పోశాడు. నీరంతా లేత గులాబీ రంగుకొచ్చింది. ఇద్దరూ నీడకు కూడా వెళ్లలేదు.

సాయంత్రపు అసర్ నమాజు బాంగు వినిపించే వేళకు ఒక్కో చేపా అడుక్కి దిగింది. మల్లేశం నాలుగు మేత గింజలు విసిరాడు. పెద్దది గిర్రున తిరిగొచ్చి ఒకటి లాక్కుపోయింది. వెంటనే ఇంకొకటి.

అతను తడిచేతులతోనే ఫోన్ నొక్కాడు. "డాక్టరమ్మా, తింటున్నయ్. కొట్లాడుకుంట తింటున్నయమ్మా. ఇగ పక్క తొట్టి లెక్క జెప్త, తప్పయితే ఆపుండ్రి."